కంటిపై నిలువవలసిన తడి

బారువ రేవున సాయంకాలము నిలిచినవారికి సముద్రపు గాలి సంగతి మేము చెప్పనక్కరలేదు. ఉప్పు, ఇసుక కలిసిన ఆ గాలికి మామూలు కన్నే మండును. ఇక కాంటాక్టు లెన్సు ధరించినవారి మాట చెప్పవలెనా?

కంటి ముందరి పారదర్శకపు పొరలో రక్తనాళములు లేవు; దానికి ప్రాణవాయువు చాలవరకు బయటి గాలినుండియే అందవలెను. 1961లో ప్రాగ్ నగరమున ఒటో విక్టర్లె చేసిన మెత్తని లెన్సు నీటిని పీల్చునదే గాని గాలిని చాలినంతగా పోనీయదు. 1999లో సిలికోన్ కలిపిన మెత్తని లెన్సులు వచ్చి ఆ కొరత తీర్చినవి. అయితే సిలికోన్‌కు నీరు గిట్టదు. చేమాకుపై పోసిన నీరు పరచుకొనక బొట్లై జారిపోవుట మన పెరడులో చూచునదే గదా! లెన్సుపై కన్నీరును అట్లే విడిపోవును; రెప్ప ఒరసికొనును, చూపు మసకబారును.

ఇందుకు విరుగుడు పైపూత. విద్యుత్తుచే ఉత్తేజితమైన వాయువులో లెన్సునుంచి పూత పట్టించుట ఒక పద్ధతి. అట్టి ఒక పూత మందము మిల్లీమీటరులో 40,000వ వంతు మాత్రమే! నీటిని పట్టియుంచు పాలిఇథిలీన్ గ్లైకాల్‌ను అతికించుట మరియొకటి. తెల్లగుడ్డుపై ఆనుకొను పెద్ద లెన్సులు ధరించువారికి ఇది మిక్కిలి ఉపకరించునని మా అభిప్రాయము. కన్నీరు ఇంకిపోయిన రోగులకు అట్టి లెన్సులను హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో అమర్చుచున్నారు.

గరుకు ద్రావకముతో రుద్దిన ఈ పూత చెడును. బావినీరు, కుళాయినీరు, సముద్రపునీరు లెన్సుకు తగులరాదు. వానిలో ఉండగల అకాంథమీబా అను సూక్ష్మజీవి చూపునే హరింపవచ్చును. కావున బారువలో స్నానమునకు దిగువారు లెన్సులను ఇంటివద్దనే తీసి, వాని ద్రావకములో ఉంచి రావలెను.