వేతనమా, దినభత్యమా? – అమెరికా ట్రక్ డ్రైవర్ల 'పర్ డియమ్' చెల్లింపులపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

అమెరికాలో దూరప్రాంతాలకు ట్రక్కులు నడిపే డ్రైవర్లకు పలు రవాణా సంస్థలు వేతనంలో కొంత భాగాన్ని పన్నులేని దినభత్యంగా చెల్లిస్తున్నాయి. దీన్ని అక్కడ 'పర్ డియమ్' అంటారు. దీనివల్ల చేతికి అందే సొమ్ము పెరుగుతుంది. నమోదయ్యే వేతనం తగ్గుతుంది. ఈ విధానాన్ని డ్రైవర్ అంగీకరించవచ్చా అనే ప్రశ్నను పన్ను చట్టం, వృద్ధాప్య పింఛను, ప్రమాద పరిహారం అనే మూడు కోణాల నుంచి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: దినభత్యం, బత్తా, వేతన నిర్వచనం, సామాజిక భద్రత, రవాణా కార్మికులు.

1. ఉపోద్ఘాతం

వేతనం పనికి ప్రతిఫలం. భత్యం పని వల్ల కలిగిన ఖర్చుకు పరిహారం. ఈ రెండింటి మధ్య గీత సిద్ధాంతంలో స్పష్టంగా ఉన్నా ఆచరణలో తరచు చెరిగిపోతుంది. తెలుగునాట లారీ డ్రైవర్లకు 'బత్తా' పాత మాటే. ఈస్టిండియా కంపెనీ సైన్యంలోనూ ఇదే పేరుతో భత్యం ఉండేది. అలవాటుగా అందుతున్న అదనపు బత్తాను 1766లో రాబర్ట్ క్లైవ్ తగ్గించినప్పుడు బెంగాల్ సైన్యంలోని ఆంగ్లేయ అధికారులు మూకుమ్మడి రాజీనామాలకు దిగారు. ఖర్చుల కోసం ఇచ్చిన సొమ్మును వారు అప్పటికే జీతంగా భావించారు. అమెరికా ట్రక్ పరిశ్రమలో నేడు కనిపిస్తున్నది దీనికి తలకిందులైన స్థితి. అక్కడ జీతంగా రావలసిన సొమ్ములో కొంత భత్యం పేరు ధరిస్తోంది.

2. చట్ట నేపథ్యం

ఇంటికి దూరంగా రాత్రులు గడిపే డ్రైవర్‌కు భోజనం, చిల్లర ఖర్చులు తప్పవు. ప్రతి రసీదు దాచడం కష్టం కనుక అమెరికా పన్నుల శాఖ అయిన ఐ.ఆర్.ఎస్. రవాణా కార్మికులకు ఒక ప్రత్యేక దినరేటును నిర్ణయించింది. 2024 అక్టోబరు 1 నుంచి ఈ రేటు దేశంలోపల రోజుకు 80 డాలర్లు. అంతకుముందు 69 డాలర్లు.

2017 వరకు ఉద్యోగి అయిన డ్రైవర్ ఈ ఖర్చును తన పన్ను పత్రంలో నిర్ణీత పరిమితులకు లోబడి మినహాయింపుగా చూపగలిగేవాడు. ఆ ఏడాది చేసిన పన్ను సంస్కరణ చట్టం 2018 నుంచి ఈ వెసులుబాటును నిలిపివేసింది. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ నిలుపుదలను శాశ్వతం చేసింది. సొంత ట్రక్కుతో స్వయం ఉపాధి పొందేవారు మాత్రం నేటికీ దినరేటులో 80 శాతాన్ని, అంటే రోజుకు 64 డాలర్లను, మినహాయించుకోవచ్చు. ఫలితంగా జీతానికి పనిచేసే డ్రైవర్‌కు మిగిలిన దారి ఒక్కటే: యజమానే దినభత్యం చెల్లించడం. ఈ పథకాలకు ఉన్న ఆకర్షణకు ఇది ప్రధాన కారణం.

3. పన్నులేని భత్యానికి షరతులు

యజమాని 'భత్యం' అని పేరు పెట్టినంత మాత్రాన పన్ను తొలగిపోదు. చట్టం 'అకౌంటబుల్ ప్లాన్' అనే విధానాన్ని నిర్దేశించింది. దానికి మూడు షరతులు ఉన్నాయి. ఖర్చు వృత్తి సంబంధమైనది కావాలి. దానికి ఆధారం ఉండాలి. మిగులు సొమ్మును తిరిగి ఇవ్వాలి. దినరేటు పరిధిలో చెల్లించినప్పుడు భోజన రసీదులు అవసరం లేదు. ప్రయాణ తేదీలకు, స్థలాలకు, కారణానికి ఆధారం చాలు. ట్రక్కులోని ఎలక్ట్రానిక్ లాగ్ ఇందుకు ఉపకరిస్తుంది.

ఇక్కడ రెండు పరిమితులను గమనించాలి. ఖర్చు ఉన్నా లేకున్నా అంతే మొత్తం ముట్టేలా, వేతనాన్ని తగ్గించి ఆ లోటును భత్యంతో పూడ్చే పద్ధతి చెల్లదని ఐ.ఆర్.ఎస్. 2012లో ఒక నిర్ణయంలో స్పష్టం చేసింది. రెండవది, స్థిరమైన ఇల్లు లేకుండా ఏడాదంతా ట్రక్కులోనే నివసించే డ్రైవర్ పన్ను చట్టం దృష్టిలో 'ఇంటికి దూరంగా' ఉన్నట్లు కాదు. అతనికి ఈ భత్యం పన్ను రహితంగా వర్తించదు.

4. తక్షణ లాభం: ఒక లెక్క

ఏడాదికి 75,000 డాలర్లు సంపాదించే వివాహిత డ్రైవర్‌ను ఊహిద్దాం. జీవిత భాగస్వామికి ఆదాయం లేదు; ఇతర పన్ను రాయితీలు లేవు. అతడు 250 రోజులు ఇంటికి దూరంగా ఉంటాడు. సంస్థ అతని వేతనంలో రోజుకు 60 డాలర్ల చొప్పున 15,000 డాలర్లను భత్యంగా మార్చిందనుకుందాం. 2024 రేట్ల ప్రకారం ఆ భాగంపై అతనికి మిగిలేవి ఇవి:

సమాఖ్య ఆదాయపు పన్ను (12 శాతం): 1,800 డాలర్లు.
సామాజిక భద్రత పన్ను (6.2 శాతం): 930 డాలర్లు.
మెడికేర్ పన్ను (1.45 శాతం): 217.50 డాలర్లు.
మొత్తం: 2,947.50 డాలర్లు.

కొన్ని సంస్థలు ఈ పథకం నిర్వహణ పేరిట మైలు రేటులో కోత పెడతాయి. ఏడాదికి 1,20,000 మైళ్లు నడిపే డ్రైవర్‌కు మైలుకు ఒక సెంటు కోత అంటే 1,200 డాలర్లు. ఆ మేరకు పన్ను కూడా తగ్గుతుంది కనుక నికర నష్టం సుమారు 964 డాలర్లు. రెండు సెంట్లయితే సుమారు 1,928 డాలర్లు పోయి, లాభం దాదాపు 1,019 డాలర్లకు కుదించుకుపోతుంది.

ఈ కోతకు సంస్థలు చూపగల కారణం ఒకటి ఉంది. భోజన భత్యంలో 80 శాతాన్నే యజమాని ఖర్చుగా చూపవచ్చు. మిగిలిన 3,000 డాలర్లపై 21 శాతం కార్పొరేట్ పన్ను 630 డాలర్లు. అయితే ఇదే 15,000 డాలర్లపై యజమాని తన వంతు సామాజిక భద్రత, మెడికేర్ పన్నులుగా కట్టవలసిన 1,147.50 డాలర్లు మిగులుతాయి. ఆ మిగులుపై కార్పొరేట్ పన్ను పోయినా దాదాపు 906 డాలర్లు నిలుస్తాయి. కాబట్టి మైలుకు రెండు సెంట్ల కోతను పన్ను నష్టం పేరిట సమర్థించడం కష్టం.

5. భవిష్యత్ నష్టం: పింఛను

అమెరికాలో వృద్ధాప్య పింఛనును అత్యధికంగా ఆర్జించిన 35 ఏళ్ల వేతన నమోదు ఆధారంగా, సాధారణ వేతన స్థాయికి సవరించి లెక్కిస్తారు. నెలసరి సగటులో తొలి అంతరంపై 90 శాతం, మధ్య అంతరంపై 32 శాతం, పై అంతరంపై 15 శాతం పింఛనుగా లభిస్తుంది. భత్యంగా మారిన సొమ్ము ఈ నమోదులోకి రాదు.

మన ఉదాహరణలోని డ్రైవర్ సగటు మధ్య అంతరంలో ఉంటుందనుకుందాం. పదేళ్లు ఈ పథకంలో ఉంటే 1,50,000 డాలర్ల వేతనం నమోదు కాదు. దాన్ని 420 నెలలతో భాగిస్తే నెలసరి సగటు 357 డాలర్లు తగ్గుతుంది. పింఛను నెలకు సుమారు 114 డాలర్లు తగ్గుతుంది.

ఇక్కడ లాభాన్ని రెండు పాళ్లుగా విడదీసి చూడాలి. ఆదాయపు పన్ను, మెడికేర్ పన్నుల్లో మిగిలినదానికి బదులుగా డ్రైవర్ పింఛనులో ఏమీ కోల్పోడు. అది అసలైన లాభం. సామాజిక భద్రత పన్నులో మిగిలినదానికి మాత్రం పింఛను రూపంలో మూల్యం ఉంది. పదేళ్లలో ఆ పాలు 9,300 డాలర్లు. నెలకు 114 డాలర్ల నష్టంతో అది పింఛను మొదలైన ఏడేళ్ల లోపే హరించుకుపోతుంది. మొత్తం లాభమైన 29,475 డాలర్లను ఖర్చు చేయకుండా దాచినవారికైతే ఆ సొమ్ము 21 ఏళ్లకు పైగా లోటును భర్తీ చేస్తుంది. కనుక పొదుపు చేసే డ్రైవర్‌కు ఈ పథకం మేలు చేయవచ్చు; వచ్చినది వచ్చినట్లు ఖర్చయ్యే కుటుంబానికి అది వృద్ధాప్యం నుంచి తీసుకున్న అప్పు.

6. ప్రమాదం, రుణం

పింఛను దూరపు విషయం. ప్రమాదం ఏ రోజైనా జరగవచ్చు. వైకల్య భృతికీ, డ్రైవర్ మరణిస్తే కుటుంబానికి అందే భృతికీ ఇదే వేతన నమోదు ఆధారం. చిన్న వయసులో వైకల్యం కలిగితే సగటును తక్కువ సంవత్సరాలపై లెక్కిస్తారు; అప్పుడు భత్యం వల్ల ఏర్పడిన లోటు మరింత బరువుగా పడుతుంది. పనిలో గాయపడినవారికి రాష్ట్రాలు ఇచ్చే పరిహారం వారపు సగటు వేతనంపై ఆధారపడుతుంది. దినభత్యాన్ని అందులో కలుపుతారా లేదా అన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి మారుతుంది. ఇంటి రుణం కోరినప్పుడు కూడా వార్షిక వేతన పత్రంలో కనిపించే అంకె తక్కువగానే ఉంటుంది.

న్యాయస్థానాలు పేరును కాక స్వభావాన్ని చూసిన సందర్భమూ ఉంది. సంచార వైద్య సిబ్బందికి సంబంధించిన క్లార్క్ – ఏ.ఎం.ఎన్. సర్వీసెస్ వ్యాజ్యంలో, పని గంటలను బట్టి పెరిగి తరిగే దినభత్యం వాస్తవానికి వేతనమేనని, ఓవర్‌టైమ్ లెక్కలో దాన్ని చేర్చాలని తొమ్మిదవ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2021లో తీర్పు చెప్పింది. అంతర్రాష్ట్ర ట్రక్ డ్రైవర్లలో అధికులకు సమాఖ్య ఓవర్‌టైమ్ నిబంధన వర్తించదు. కాబట్టి ఈ తీర్పు వారికి నేరుగా ఉపయోగపడదు. అయినా భత్యం ఖర్చును అనుసరిస్తోందా, పని పరిమాణాన్ని అనుసరిస్తోందా అనే ప్రశ్న వారి విషయంలోనూ విలువైనదే.

7. భారతీయ చట్టంతో పోలిక

2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 కూడా ఈ సమస్యను ఎదుర్కొంది. ఉద్యోగ స్వభావం వల్ల కలిగే ప్రత్యేక ఖర్చుల చెల్లింపును వేతన నిర్వచనం నుంచి మినహాయిస్తూనే, మినహాయింపులన్నీ కలిపి మొత్తం ప్రతిఫలంలో సగం దాటితే అదనపు భాగాన్ని వేతనంగానే పరిగణించాలని అది నిర్దేశించింది. అమెరికా చట్టం రోజువారీ రేటుతో గీత గీస్తే, భారతీయ చట్టం నిష్పత్తితో గీత గీసింది. తెలుగు రాష్ట్రాల్లో తక్కువ జీతం, ఎక్కువ బత్తా పద్ధతిలో పనిచేసే లారీ డ్రైవర్ల భవిష్య నిధి, పరిహార హక్కుల అధ్యయనానికి ఈ పోలిక ఉపకరిస్తుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి ఈ అంశాలను నిర్ధారించవచ్చు.

1. పూర్తి వేతనానికి అదనంగా ఇచ్చే దినభత్యాన్ని, అర్హత ఉన్న డ్రైవర్ నిరాకరించడానికి కారణం లేదు.
2. వేతనం నుంచి విడదీసి ఇచ్చే భత్యం విషయంలో మైలు రేటు కోతను ముందుగా లెక్కించాలి. కోత పెరిగేకొద్దీ లాభం డ్రైవర్‌ను వదిలి సంస్థను చేరుతుంది.
3. మిగిలిన పన్నును, కనీసం సామాజిక భద్రత పాలును, విడిగా దాచగలిగినవారే అంగీకరించడం మేలు.
4. స్థిర నివాసం లేనివారు, పింఛను గణనకు చాలినన్ని సంవత్సరాల వేతనం ఇంకా నమోదు కానివారు, త్వరలో ఇంటి రుణం కోరేవారు దీనికి దూరంగా ఉండటం ఉచితం.
5. ఈ పథకంలో చేరడం, వైదొలగడం డ్రైవర్ ఇష్టానికే వదలాలి. పింఛను, పరిహారాలపై పడే ప్రభావాన్ని సంస్థ లిఖితపూర్వకంగా తెలపాలి.

దినభత్యం దానికదే మోసం కాదు, వరమూ కాదు. అది రేపటి సొమ్ములో కొంత ఈ రోజు చేతికందే ఏర్పాటు. ఎంత వస్తున్నదో వేతన చీటీ చెబుతుంది. ఎంత పోతున్నదో అందులో కనిపించదు. ఆ రెండవ అంకెను డ్రైవర్ ముందు ఉంచిన తరువాతనే అతని అంగీకారానికి అర్థం ఉంటుంది.