కామా మోయలేని బరువు

అమెరికా కాలేజీల్లో వ్యాసరచన తరగతి కాగితాల అంచున తరచు రెండు పొడి అక్షరాలు కనిపిస్తాయి: ఆర్.ఓ. లేదా సి.ఎస్. మొదటిది రన్-ఆన్ వాక్యానికి, రెండవది కామా స్ప్లైస్‌కి గుర్తు. వీటిని చూసిన తెలుగు విద్యార్థి తన వాక్యం మరీ పొడుగైందనుకొని కత్తిరించబోతాడు. దోషం పొడవుది కాదు. 'షి కాల్డ్ హి లెఫ్ట్' అన్నది నాలుగు మాటలే, అయినా రన్-ఆనే. పేజీ పొడవునా సాగే నిర్దుష్ట వాక్యాలూ ఇంగ్లీషులో ఉన్నాయి. సొంత కర్త, సొంత సమాపక క్రియ ఉండి తమంతట తాము నిలబడగల రెండు ఉపవాక్యాలను ఏ సంధాయకమూ లేకుండా చేర్చడమే రన్-ఆన్. నడుమ ఉత్త కామా వేస్తే కామా స్ప్లైస్.

తెలుగుకి ఈ చిక్కు అంతగా లేదు. సమాపక క్రియ సాధారణంగా చివరన వస్తుంది కనుక వాక్యాంతాన్ని అదే చెబుతుంది. విరామచిహ్నాలు లేని తాళపత్రాలను చదవగలగడానికి ఇదీ ఒక కారణం. పనులను వరసగా చెప్పాలంటే 'లేచి, స్నానం చేసి, అన్నం తిని, ఆఫీసుకి వెళ్ళాడు' అని క్త్వార్థకాలను పేర్చుకుంటూ పోవచ్చు. అక్కడి కామాలు తీసేసినా నష్టం లేదు. అవే పనులను ఇంగ్లీషులో ప్రతిసారీ కర్తను చెప్పి, కామాలతో గుచ్చితే వాక్యం కూలుతుంది.

ఎక్కువమంది పడే గుంట 'హవెవర్', 'దేర్‌ఫోర్'. వీటిని 'అయితే', 'కాబట్టి' అని నేర్చుకొన్నవారు ముందు కామాతో సరిపెడతారు. కానీ ఇవి సంధాయకాలు కావు, క్రియావిశేషణాలు. ముందు ఫుల్‌స్టాపో సెమీకోలనో కావాలి. పరీక్ష సులువు: 'హవెవర్'ను ఉపవాక్యం మధ్యకి జరపవచ్చు, 'బట్'ను జరపలేం. 'బట్', 'సో'లకు ముందు కామా చాలు.

దిద్దుబాటు మాత్రం చిహ్నాల పని కాదు. కాలేజీ ప్రవేశ వ్యాసంలో ఒకరు 'ఐ లెఫ్ట్ ద కోర్స్, మై ఫాదర్ ఫెల్ ఇల్' అని రాశారనుకొందాం. తెలుగులో 'కోర్సు మానేశాను, నాన్నకి జబ్బు చేసింది' అంటే మిగతాది గొంతు చెబుతుంది. ఇంగ్లీషు పాఠకుడు దాన్ని రాతలోనే అడుగుతాడు. 'బికాజ్' పెడితే జబ్బే కారణం. 'అండ్ దెన్' అంటే చదువు ముందే ఆగిపోయింది, జబ్బు తరవాతి కష్టం. ఫుల్‌స్టాప్ రెండు సంగతులనూ విడదీస్తుంది. సెమీకోలన్ ఏదో ముడి ఉందని మాత్రం సూచిస్తుంది. సీటు ఇచ్చేవారి నిర్ణయం ఈ తేడా మీద ఆధారపడవచ్చు. దోషాన్ని అధ్యాపకుడు చూపగలడు. ఏది నిజమో రాసినవారికే తెలుసు.

మినహాయింపులు లేకపోలేదు. విలియం స్ట్రంక్ 1918లో అచ్చువేసిన 'ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్' ఈ కామాను నిషేధిస్తూనే, బాగా చిన్నవై ఒకే పోతలో ఉన్న ఉపవాక్యాల మధ్య ఒప్పుకొంది. డికెన్స్ 1859లో 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'ను కామాల గొలుసుతోనే మొదలుపెట్టాడు. తరగతిలో ఆయనను సాక్ష్యానికి పిలిచినవారికి మార్కులు పెరగడం మాత్రం అరుదు.