యాభై డాలర్లు, ఒక పియానో: వాన్ హేలెన్ నాదమూలాలు

1978 ఫిబ్రవరి 10న వార్నర్ బ్రదర్స్ సంస్థ ‘వాన్ హేలెన్’ పేరుతో ఒక ఆల్బమ్‌ను విడుదల చేసింది. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కలిసిన నలుగురు యువకుల తొలి రికార్డు అది. అందులో రెండవ అంశం పేరు ‘ఎరప్షన్’. అది పాట కాదు. సాహిత్యం లేదు, నిడివి ఒక నిమిషం నలభై రెండు సెకన్లు. నిజానికి ఆల్బమ్‌లో చేర్చాలన్న ఉద్దేశంతో వాయించినదీ కాదు. రాబోయే కచేరీ కోసం ఎడ్డీ వాన్ హేలెన్ స్టూడియోలో సాధన చేసుకుంటూండగా నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ విని రికార్డు చేయించాడు. ఆ తరువాతి పదేళ్ళలో అమెరికాలో ఎలక్ట్రిక్ గిటార్ పట్టిన ప్రతి కుర్రవాడూ ఈ నిమిషంన్నర నాదాన్ని ఏదో ఒక విధంగా ఎదుర్కోవలసి వచ్చింది.

ఇటువంటి సందర్భాలలో ఒక కథ తయారవుతుంది: ఏ గురువూ లేని, ఏ సంప్రదాయమూ లేని ఒక యువకుడు తన గదిలో కూర్చుని ఉన్నట్టుండి కొత్త భాషను కనిపెట్టాడని. ఎడ్డీ విషయంలో ఈ కథ మరీ బలంగా పాతుకుపోయింది. తనను ప్రభావితం చేసినవారెవరని అడిగితే ఆయన తరచు ఎరిక్ క్లాప్టన్ ఒక్కడి పేరే చెప్పేవాడు. ఆ జవాబులో అబద్ధం లేదు, కాని అది చాలా చిన్న జవాబు. వాన్ హేలెన్ ధ్వనిలో వినిపించేవాటిని ఒక్కొక్కటిగా విడదీస్తే ఒక యూరోపియన్ పియానో పాఠం, ఒక వలస కుటుంబపు వారాంతపు బ్యాండు మేళం, నల్లజాతి బ్లూస్, న్యూయార్క్ వినోదశాలల హాస్యధోరణి బయటపడతాయి. వీటిలో చాలా వాటికి గిటారుతో సంబంధమే లేదు.

తండ్రి యాన్ వాన్ హేలెన్ ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన వృత్తి కళాకారుడు. క్లారినెట్, సాక్సఫోన్ వాయించేవాడు. డచ్చివారి పాలనలో ఉన్న ఇండొనేషియాలో వాద్యబృందాలతో పనిచేస్తూ యూజీనియా వాన్ బేర్స్‌ను కలుసుకున్నాడు. ఆమె డచ్చి, ఇండొనేషియా రక్తాల కలయిక. (పదిహేడవ శతాబ్దారంభంలో బందరులో వర్తకస్థావరం పెట్టిన డచ్చి కంపెనీయే జావాలోనూ స్థిరపడిందని గుర్తుచేసుకుంటే, తెలుగు పాఠకుడికి ఈ కుటుంబ చరిత్ర మరీ పరాయిదిగా తోచదు.) దంపతులు నెదర్లాండ్స్‌కు తిరిగి వచ్చాక 1953లో అలెక్స్, 1955లో ఎడ్వర్డ్ పుట్టారు. ఎడ్వర్డ్ రెండవ పేరు లోడవైక్, అంటే లుడ్విగ్. బేతోవెన్ మీది గౌరవంతో పెట్టిన పేరు. మిశ్రమ సంతతి స్త్రీగా యూజీనియాకు అక్కడ చిన్నచూపు తప్పలేదు. 1962లో ఆ కుటుంబం ఓడ ఎక్కి అమెరికా చేరింది. అప్పుడు తమ వద్ద ఉన్నవి యాభై డాలర్లు, ఒక పియానో అని ఎడ్డీ తరువాతి కాలంలో చెప్పుకునేవాడు.

పాసడీనాలో తండ్రి ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. తల్లి ఇళ్ళలో పనిచేసింది. వారాంతాలలో మాత్రం తండ్రి క్లారినెట్ తీసుకుని పెళ్ళిళ్ళకూ పోల్కా నృత్యాలకూ వెళ్ళేవాడు. ఇంగ్లీషు రాని ఇద్దరు పిల్లలకు బడిలో ఎదురైన అవమానాలు, వారితో మొదట స్నేహం చేసినవారు నల్లజాతి పిల్లలు కావడం, ఇవన్నీ ఎడ్డీ 2015లో స్మిత్‌సోనియన్ వారి అమెరికన్ చరిత్ర మ్యూజియంలో జరిగిన సంభాషణలో వివరించాడు.

సంగీతం వల్ల భర్తకు దక్కిన బ్రతుకు ఎలాంటిదో యూజీనియాకు తెలుసు. కొడుకులు సంగీతం నేర్చుకోవాలి, కాని మర్యాదస్థుల సంగీతం నేర్చుకోవాలి. అందుకే పియానో. శనివారాలు పిల్లలను వెనుక సీటులో కూర్చోబెట్టుకుని సంగీత పాఠాలకు తిప్పే మన తల్లిదండ్రులకు ఈమె కొత్త మనిషి కాదు. లితువేనియా నుంచి వలస వచ్చిన ఒక వృద్ధ ఉపాధ్యాయుని వద్ద అన్నదమ్ములకు శిక్షణ మొదలయింది. బాఖ్, మోట్సార్ట్, స్వరలిపి, క్రమశిక్షణ. ఎడ్డీకి స్వరలిపి చదవడం పట్టుబడలేదు. గురువు వేళ్ళ కదలికను చూసి, చెవితో పట్టుకుని, తిరిగి వాయించేవాడు. లాంగ్ బీచ్‌లో జరిగే పియానో పోటీలలో ఒకటికి మించిన సార్లు బహుమతి కూడా సంపాదించాడు. లిపి రానివాడు శాస్త్రీయ సంగీతపు పోటీలో నెగ్గడం పాశ్చాత్యులకు వింతగా తోచవచ్చు. గురుముఖతః వినడమే విద్యగా ఎరిగిన మన సంప్రదాయంలో అది వింత కాదు.

ఈ పియానో పాఠాలు వృథా పోలేదనడానికి ‘ఎరప్షనే’ సాక్ష్యం. దాని మధ్యభాగంలో ఫ్రెంచి వయొలిన్ విద్వాంసుడు రొడాల్ఫ్ క్రొయిట్జర్ రచించిన రెండవ అభ్యాసగీతంలోని ఒక ముక్క వినిపిస్తుంది. పాశ్చాత్య వయొలిన్ విద్యార్థులకు అది మన జంటవరుసలంత పరిచితం. చివరిభాగం మరీ ముఖ్యమైనది. అక్కడ ఎడ్డీ ఎడమచేతితో తీగను నొక్కుతూనే, కుడిచేతి వేలితో అదే తీగను పై మెట్టు మీద కొట్టి వదులుతాడు. రెండు చేతుల వేళ్ళూ మెట్ల మీదనే ఉంటాయి. ఒకే తీగ మీద దూరదూరంగా ఉన్న మూడు స్వరాలు గొలుసుగా దొర్లుతాయి. ఈ పద్ధతికి ట్యాపింగ్ అని పేరు. ఆ స్వరత్రయాలు ఒకదాని నుంచి మరొకదానికి మారే తీరులో గిటారు వాసన కన్న బాఖ్ కీబోర్డు రచనల వాసనే ఎక్కువ.

ట్యాపింగ్‌ను ఎడ్డీయే కనిపెట్టాడన్న ప్రచారం మాత్రం నిలబడదు. జిమ్మీ వెబ్‌స్టర్ 1952లోనే రెండు చేతులతో మెట్ల మీద వాయించే పద్ధతిని బోధించే పుస్తకం ప్రకటించాడు. లాస్ ఏంజెలిస్‌లోనే ఎమెట్ చాప్‌మన్ 1969లో ఇటువంటి పద్ధతిని రూపొందించుకుని, దానికోసం ప్రత్యేకంగా ఒక వాద్యాన్నే తయారుచేశాడు. జెనెసిస్ బృందపు స్టీవ్ హాకెట్ 1971 నాటి రికార్డులో, హార్వీ మాండెల్ 1973 నాటి రికార్డులో ట్యాపింగ్ వాడారు. ఎడ్డీ చెప్పుకున్న మూలం వేరు. లెడ్ జెపెలిన్ కచేరీలో జిమ్మీ పేజ్ ఒక చేతిని గాలిలోకి ఎత్తి, ఎడమచేతి వేళ్ళతోనే తీగలను లాగుతూ వాయించడం చూసి, ఆ ఖాళీగా ఉన్న చేతిని కూడా మెట్ల మీదికి దించితే ఏమవుతుందని ఆలోచించానన్నాడు. పైవారిలో ఆయన ఎవరిని విన్నాడో, ఎవరిని వినలేదో తేల్చడం కన్న విలువైన ప్రశ్న మరొకటుంది: అంతమంది వాడిన ఉపాయం ఈయన చేతిలోనే ఎందుకు భాషగా మారింది? వారికి అది అలంకారం. పదేళ్ళు పియానో మీద రెండు చేతులూ సమంగా ఆడించినవాడికి అది పాత అలవాటు. ఈ తేడాయే జవాబు కావచ్చు.

క్లాప్టన్ దగ్గరికి వస్తే, 1968లో శాన్ ఫ్రాన్సిస్కోలో క్రీమ్ బృందం ప్రత్యక్షంగా రికార్డు చేసిన ‘క్రాస్‌రోడ్స్’ను ఎడ్డీ స్వరం తరువాత స్వరంగా కంఠస్థం చేశాడు. ఆ పాట క్లాప్టన్‌ది కాదు. మిసిసిపీకి చెందిన రాబర్ట్ జాన్సన్ 1936లో టెక్సస్‌లోని శాన్ అంటోనియోలో పాడి రికార్డు చేసినది. నల్లజాతి అమెరికన్ల పాట అట్లాంటిక్ దాటి ఇంగ్లండు చేరి, అక్కడి శ్వేతజాతి యువకుల చేతిలో గట్టి శబ్దంగా మారి, మళ్ళీ అట్లాంటిక్ దాటి, డచ్చి ఇండొనేషియా తల్లికి పుట్టిన బాలుడి చెవిలో పడింది. హార్డ్ రాక్ చరిత్ర అంతా దాదాపు ఈ రాకపోకల చరిత్రే.

ఈ ధ్వనిలో అందరూ మెచ్చుకునేది, కొందరే వివరించేది దాని శ్రుతి. గిటారు నాదాన్ని ఆంప్లిఫయర్ భరించగలిగిన దానికన్న ఎక్కువగా పంపితే తరంగం నలిగి, అసలు స్వరాలలో లేని కొత్త స్వరాలు పుడతాయి. వీటిలో ముఖ్యమైనది రెండు స్వరాల పౌనఃపున్యాల తేడా. షడ్జం 200 హెర్ట్జ్, పంచమం 300 అనుకుంటే తేడా 100, అంటే సరిగ్గా మంద్ర షడ్జం. అందుకే హార్డ్ రాక్‌లో షడ్జ పంచమాల జంటకు అంత బలం. అంతర గాంధారంతో చిక్కు వస్తుంది. సహజమైన అంతర గాంధారం షడ్జానికి 5/4 వంతు, అంటే 250 హెర్ట్జ్. తంబురాలో స్వయంభువుగా వినిపించేది అదే. గిటారు మెట్లు మాత్రం స్థాయిని పన్నెండు సమభాగాలుగా కోసిన లెక్క ప్రకారం ఉంటాయి గనుక, వాటిమీద అది దాదాపు 252 పలుకుతుంది. రెండు హెర్ట్జ్‌ల తేడా మామూలుగా పెద్దది కాదు. డిస్టార్షన్‌లో మాత్రం, 50 రావలసిన మంద్రనాదం 52 వస్తుంది. అంటే అర్ధస్వరంలో మూడింట రెండు వంతుల దోషం. కింద నుంచి ఒక అపస్వరం గురగురలాడుతూ ఉంటుంది.

చాలామంది గిటారిస్టులు ఈ బాధ పడలేక గాంధారాన్నే వదిలేశారు. ఎడ్డీ వదల్లేదు. రెండవ తీగను ట్యూనర్ చూపే స్థానం కన్న కొద్దిగా కిందికి దించుకునేవాడు. ఆ తీగ మీద గాంధారం వచ్చే కార్డులన్నీ అప్పుడు తేనెలా పలికేవి. అదే తీగ వేరే స్వరాన్ని మోసే చోట దోషం బయటపడుతుంది కనుక, ఏ పాటలో ఏ కార్డు ముఖ్యమో చూసుకుని సర్దుకోవలసి వచ్చేది. సమశ్రుతి పియానో మీద పెరిగినవాడు చెవి చెప్పిందే నమ్మి ఆ సమశ్రుతిని దాటిపోవడం విశేషమే. తొలినాటి పాటలలో భీకరమైన శబ్దం మధ్య కూడా ఒక తీపి వినబడడానికి కారణం ఇది. దీనికి దక్కవలసినంత ప్రశంస దక్కలేదు.

వాద్యం సంగతీ అంతే. ఫెండర్ గిటారు ఆకారం కావాలి, గిబ్సన్ పికప్ ఇచ్చే లావుపాటి నాదం కావాలి. రెండూ ఉన్న గిటారు అంగట్లో దొరకలేదు. చవకగా దొరికిన బాడీకి ఒక నెక్ బిగించి, పాత గిబ్సన్ నుంచి ఊడదీసిన పికప్‌ను మైనంలో ముంచి అమర్చి, ఒక్క వాల్యూమ్ గుండీ మాత్రం ఉంచి, టేపు అంటించి చారలుగా రంగు వేశాడు. నూరు వాట్ల మార్షల్ ఆంప్లిఫయర్‌కు వేరియాక్‌తో విద్యుత్తును తగ్గించి దాదాపు 90 వోల్టులే అందించి, ఆ నాదాన్ని మెత్తబరిచాడు. ఇక్కడ పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గుర్తుకు రాక మానడు. నాలుగు జతల తీగల మాండొలిన్ మీద గమకం పలకదని ఆ వాద్యాన్ని వదలకుండా, ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు అయిదు ఒంటి తీగలు కట్టించుకున్నాడాయన. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు. ఆయన పాడితే శిష్యుడు విని వాయించేవాడు. ఇద్దరి సంగీతాలకూ పోలిక లేదు గాని, చెవికి లొంగని వాద్యాన్నే మార్చుకున్న తెగువ ఇద్దరిదీ ఒకటే.

ఇంతవరకూ ఒక్క గిటారిస్టు గురించి చెప్పుకున్నది బృందానికి అన్యాయమే. డ్రమ్స్ మీద అన్న అలెక్స్. మొదట డ్రమ్స్ తమ్ముడివి, గిటారు అన్నది. తమ్ముడు పత్రికలు పంచడానికి వెళ్ళినప్పుడు అన్న డ్రమ్స్ సాధన చేసి తమ్ముణ్ణి మించిపోవడంతో వాద్యాలు మారాయి. బేస్ వాయించిన మైకేల్ ఆంథొనీ పై స్థాయి గొంతు లేకుంటే పల్లవులలోని ఆ కాలిఫోర్నియా వెలుగు ఉండేది కాదు. గాయక బృందాల నుంచి వచ్చిన టెంపుల్‌మన్ ఆ గొంతు విలువను వెంటనే పసిగట్టాడు.

గాయకుడు డేవిడ్ లీ రాత్ తెచ్చినది మరొక లోకం. బాబ్ డిలన్, జిమి హెండ్రిక్స్ తొలినాళ్ళలో వాయించిన న్యూయార్క్‌లోని కెఫే వా ఆయన బాబాయిదే. మోటౌన్ పాటలు, వోడవిల్ రంగస్థలపు ఛలోక్తులు, నృత్యం ఆయన సామగ్రి. పాసడీనా ఇళ్ళ పెరళ్ళలో జరిగే విందులలో జనం నాట్యం చేయాలంటే బ్లాక్ సాబత్ పాటలు మాత్రమే సరిపోవన్నది ఆయన వాదం. తొలి ఆల్బమ్‌లోని ‘ఐస్‌క్రీమ్ మ్యాన్’ ఈ దారిలో వచ్చినదే. షికాగో బ్లూస్ గాయకుడు జాన్ బ్రిమ్ చెస్ సంస్థకోసం 1953లో దాన్ని రికార్డు చేసినా, 1969 దాకా అది విడుదలకే నోచుకోలేదు. వాన్ హేలెన్ ఆల్బమ్ లక్షలలో అమ్ముడుపోవడంతో, రచయితగా వచ్చిన రాయల్టీతో బ్రిమ్ షికాగోలో ఒక నైట్‌క్లబ్బు తెరిచాడు. బ్లూస్ మీద కట్టిన రాక్ సౌధాలలో మూలకర్తకు పేరూ పైకమూ రెండూ దక్కిన ఉదాహరణలు అరుదు. విల్లీ డిక్సన్ వంటివాడు లెడ్ జెపెలిన్ మీద న్యాయస్థానానికి వెళ్ళవలసి వచ్చింది. ఆల్బమ్ అట్ట మీద ఒక పేరు సరిగా అచ్చుకావడం ఒక వృద్ధ కళాకారుడి జీవితంలో ఎంత మార్పు తేగలదో బ్రిమ్ కథ చెబుతుంది.

రాత్‌కూ ఎడ్డీకీ మధ్య చివరకు తగాదా వచ్చినది కూడా ప్రభావాల మీదనే అనవచ్చు. ఎడ్డీ కీబోర్డు వైపు తిరిగి వెళ్ళాలనుకున్నాడు. గిటారు వీరుడు కీబోర్డు ముందు కూర్చోవడం రాత్‌కు నచ్చలేదు. ఓబర్‌హైమ్ సింథసైజర్ మీద కట్టిన ‘జంప్’ 1984లో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. ఆ బృందానికి ఆ స్థానం తెచ్చిపెట్టిన పాట అదొక్కటే. యూజీనియా పియానో పాఠాలకు పోసిన డబ్బు అలా తిరిగివచ్చింది, ఆమె ఊహించిన రూపంలో కాకపోయినా.

అంతకు రెండేళ్ళ ముందు, 1982లో వచ్చిన ‘డైవర్ డౌన్’ ఆల్బమ్‌లో ‘బిగ్ బ్యాడ్ బిల్’ అనే 1924 నాటి పాట ఉంది. హార్డ్ రాక్ అభిమానులలో చాలామంది దాన్ని ఆటవిడుపుగా భావించి దాటవేశారు. డ్రమ్స్ మీద అలెక్స్, గిటారు మీద ఎడ్డీ మెత్తగా, పెళ్ళిమేళంలో లాగా వాయిస్తారు. వారితో కలిసి క్లారినెట్ వాయించినది యాన్ వాన్ హేలెన్. అప్పటికి పదేళ్ళ క్రితమే ఒక ప్రమాదంలో ఆయన వేలు కొంత తెగిపోయింది. వాయించడం చాలావరకు మానుకున్నాడు. కొడుకులు పట్టుబట్టి స్టూడియోకు తీసుకువచ్చి కూర్చోబెట్టారు. 1986లో ఆయన మరణించాడు. కొడుకుల ఆల్బమ్‌లలో ఆయన క్లారినెట్ వినిపించేది ఆ ఒక్క పాటలోనే.