కరగకుండా ఆరే మంచు

మూత సరిగ్గా పెట్టని భరిణెలో కర్పూరం నాలుగు రోజుల్లో తరిగిపోతుంది. కరిగిన తడి కనిపించదు, బిళ్ళ మాత్రం ఉండదు. మా అమ్మ దీనికి పనిమనిషిని అనుమానించేది, పాపం! కర్పూరం ద్రవం కాకుండానే ఆవిరైపోతుందని ఆవిడకు నచ్చజెప్పడం నావల్ల కాలేదు.

మంచుచేత కూడా ఈ పని చేయించవచ్చు. పాదరసం మట్టం 4.6 మిల్లీమీటర్లకన్న తక్కువ ఒత్తిడిలో నీరు ద్రవంగా నిలవదు. ద్రావణాన్ని గడ్డకట్టించి, పంపుతో గాలి లాగేస్తే మంచు నేరుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి మైనస్ 50 డిగ్రీల చల్లని గొట్టాలమీద మళ్ళీ మంచై పేరుకుంటుంది. కాచి ఇగిర్చితే పాడయ్యే పదార్థం ఇందులో దూదిపింజలా మిగులుతుంది.

ఈ విద్య నాకు వచ్చుననుకునే రోజుల్లోనే దెబ్బతిన్నాను. అది 1994 వేసవి. 8 నెలలు కష్టపడితే మిగిలిన పదార్థం 20 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో పదోవంతైనా ఉండదు. నీరూ, అసిటోనైట్రైలూ కలిసిన ద్రావణంలో ఉంది. ద్రవ నైట్రోజన్‌లో ముంచితే రాయిలా గడ్డకట్టింది. సీసా యంత్రానికి తగిలించి, ఇంటికి వెళ్ళి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారి చూద్దును కదా, సీసా ఖాళీ! గోడలకు నురగ చారలు. అసిటోనైట్రైల్ గడ్డకట్టేది మైనస్ 45 దగ్గర. మా గొట్టాల చల్లదనం దానికి చాలలేదు. దాని ఆవిరి పంపుదాకా పోయి శూన్యం సడలింది. గ్రాము మంచు ఆవిరి కావడానికి సుమారు 680 కేలరీల వేడిని పీల్చుకుంటుంది. ఆ చలవే మిగతా మంచును కాపాడాలి. ఆవిరి మందగించేసరికి గదివేడికి సీసాలోది కరిగి, పొంగి, యంత్రంలోకి పోయింది.

ఏడవడమొక్కటే తక్కువ. మా అటెండరు నెమ్మదిగా, "ఆ గొట్టాలమీది మంచు పారబోయకండి బాబూ, అందులోనే ఉంటుందేమో!" అన్నాడు. నాకు తట్టనే లేదు. మంచు కరిగించి నీళ్ళు పట్టాం. ఎవరెవరి పదార్థాల మడ్డో అందులో ఉంది. మళ్ళీ శుద్ధి చేశాను. ఈసారి అసిటోనైట్రైల్‌ను ముందుగానే రోటరీ ఇవాపరేటర్‌లో లాగేసి, మిగిలిన నీటిని సీసా తిప్పుతూ గోడలంటా పల్చగా గడ్డకట్టించాను. ఆ రాత్రి ఇంటికి మాత్రం వెళ్ళలేదు.

ఉదయానికి సీసాలో తెల్లని పింజ. తూస్తే 11 మిల్లీగ్రాములు. చెంచా దగ్గరకు తెచ్చేసరికి కాస్త ఎగిరి నా చేతితొడుగుకు అంటుకుంది. దాన్నికూడా గీకి సీసాలో వేశాను.