పచ్చికుండ జ్ఞాపకం

"మా తాతగారు 1971 యుద్ధంలో జవాను. అప్పటి సంగతులు ఎప్పుడు చెప్పినా ఏదో ఒకటి మారుతుంది. నిరుడు లేని బాంబు ఈ ఏడు పడుతుంది. ఆయన కల్పిస్తున్నారంటారా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

ఇలాంటి ప్రశ్న వస్తే నా చేయి ఆగదు. 1991 గల్ఫ్ యుద్ధం నుంచి వచ్చిన 59 మంది అమెరికన్ రిజర్వు సైనికులను స్టీవెన్ సౌత్‌విక్ బృందం తిరిగొచ్చిన నెల తర్వాత ఒకసారి, రెండేళ్లకు మరోసారి అవే 19 ప్రశ్నలు అడిగింది. ఎవరైనా చనిపోతుంటే చూశారా, ప్రాణం మీదికి వచ్చిందా, ఇలాంటివి. 88 శాతం మంది కనీసం ఒక జవాబు మార్చేశారు. "లేదు"ను "అవును" చేసినవి ఎక్కువైన కొద్దీ పీడకలలు, ఉలికిపాట్ల వంటి పీటీఎస్‌డీ (భయానక అనుభవం మిగిల్చే మానసిక సమస్య) లక్షణాలూ ఎక్కువే.

ఎందుకిలా? జ్ఞాపకం కుదురుకోవడానికి కొంత సమయం పడుతుందని 1900లోనే ముల్లర్, పిల్‌జెకర్ చెప్పారు. ఒకసారి కుదురుకుంటే ఇక ఆవంలో కాల్చిన కుండేనని తర్వాతివాళ్లు తీర్మానించేశారు. 1968లో మిసానిన్, మిల్లర్, లూయిస్ ఎలుకల్లో దీనికి విరుద్ధమైనది చూశారు. కానీ ఆ మాట మూడు దశాబ్దాలు మూలన పడింది!

2000లో కరీం నాదర్, గ్లెన్ షాఫ్, జోసెఫ్ లెడూ దాన్ని బయటికి లాగారు. ఎలుకకు ఒక శబ్దం వినిపించి కరెంటు షాక్ ఇచ్చారు. మర్నాడు ఉత్త శబ్దమే వినిపించి, మెదడులో భయాన్ని మోసే అమిగ్డలాలోకి ప్రొటీన్ల తయారీని ఆపే అనిసోమైసిన్ ఎక్కించారు. తర్వాత చూస్తే ఆ శబ్దానికి భయం బాగా తగ్గిపోయింది. అసలు కిటుకు ఇక్కడుంది: శబ్దం వినిపించకుండా మందు ఎక్కిస్తే ఏమీ కాలేదు. వినిపించాక ఆరు గంటలు ఆగి ఎక్కించినా ఏమీ కాలేదు. అంటే గుర్తుచేసుకోవడమే జ్ఞాపకాన్ని మళ్లీ పచ్చికుండను చేస్తుంది. అది తిరిగి గట్టిపడాలంటే కొత్త ప్రొటీన్లు కావాలి. ఆ కాసేపట్లో తోటివాళ్ల కబుర్లో, చూసిన సినిమానో, నేటి దిగులో అందులో కలవచ్చు. ఎలుక నుంచి తాతగారి మీదికి దూకడం దుస్సాహసమే, దూకకుండా ఉండలేను. ఆయన అబద్ధమాడుతున్నారనుకోవాల్సిన పనిలేదు.

మరి ఈ కిటుకుతో పీటీఎస్‌డీకి వైద్యం? అనిసోమైసిన్ మనుషులకిచ్చే మందు కాదు. బీపీ మాత్ర ప్రొప్రనొలాల్ ఇచ్చి, జరిగింది గుర్తుచేసుకోమని చూశారు. పత్రికలు వెంటనే "జ్ఞాపకాలు చెరిపే మాత్ర" అని డప్పు కొట్టాయి. అది దేన్నీ చెరపదు. సంగతి గుర్తుంటుంది, దడ తగ్గుతుందని ఆశ, అంతే. ఆ ఆశ కూడా కొన్ని పరీక్షల్లో ఫలించింది, కొన్నిట్లో ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడాయే కనబడలేదు.