గనిదిబ్బల నీడలో పంటభూమి

2015వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము వారు ప్రవేశపెట్టిన భూసార పత్రమునందు పండ్రెండు లక్షణములు లెక్కింపబడును. నత్రజని మొదలు బోరాను వరకు పైరునకు గావలసినవి పెక్కు లందు గలవు. పైరును దినువానికి హాని చేయు సీసముగాని, పాషాణముగాని, కాడ్మియముగాని యందు లేవు. కలకడ మొదలు కుప్పము వరకు గల రైతులు ఆ పత్రమును జూచి తమ భూమి నిర్దోషమని తలచినచో తప్పెవరిది? అడుగని ప్రశ్నకు పత్ర మెట్లు ప్రత్యుత్తర మిచ్చును?

ఈ శంక నిష్కారణము గాదు. కుప్పమునకు ఉత్తరమున, మన యెల్లకు మిక్కిలి చేరువను, కోలారు బంగారు గనులు గలవు. 1880 ప్రాంతమున జాన్ టేలరు కంపెనీవారు చేపట్టిన యా గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగి, 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. ఆంగ్లేయుల కాలమున బంగారము సీమకు బోయెను; దిబ్బలు మనకు మిగిలెను. మూడుకోట్ల టన్నులకు పైబడిన రాతిపొడి యచట కొండలవలె నిలచియున్నది. జనులు వానిని సైనైడు దిబ్బలందురు. పేరు భయంకరమే గాని సైనైడు ఎండకును గాలికిని కాలక్రమమున విడిపోవు పదార్థము. రాతిలో బంగారముతోగూడ పుట్టిన పాషాణము, సీసము, రాగి మున్నగునవి అట్లు విడిపోవు. నైరృతి గాలి వీచు నెలలలో ఆ పొడి తూర్పుదిక్కునకు లేచును, వానకాలమున వాగులపాలగును.

అయినను దిబ్బ చేరువ నున్నదని భూమి చెడినదని తీర్పు చెప్పరాదు. కొలిచి చెప్పవలెను. గాలివాలునను నీటివాలునను దూరము పెంచుకొనుచు మట్టిని దీయవలెను. ఒక్కొక్క చోట పలుతావుల మట్టిని గలిపి, పైయారంగుళములది వేరుగను లోపలిది వేరుగను ఉంచవలెను. పైమట్టి చెడి లోపలిది బాగున్నచో దోషము పైనుండి వచ్చినదని యూహింపవచ్చును. జింకు పూత గల బొక్కెనలో మట్టి దెచ్చినచో లెక్క యచ్చటనే చెడును! పిదప దానిని రాజద్రావకమున కరగించి యంత్రముచే లోహములను కొలుతురు.

కష్టమంతయు పోలికలో గలదు. బంగారు రాతినేలయందు పాషాణము స్వభావసిద్ధముగనే యధికము. కలకడ నల్లరాతి, గ్రానైటు నేలతో చిగురుగుంట నేలను పోల్చినచో ప్రకృతి చేసినదానికి గనివానిని శిక్షించిన ట్లగును. లేదా, అంతయు ప్రకృతియే యని గనివాడు తప్పించుకొనును. కావున అదే జాతి రాతిమీద, గని సోకని దూరపు నేలను ప్రమాణముగా గొనవలెను. 1969లో మ్యుల్లరు అను జర్మను శాస్త్రజ్ఞుడు స్వాభావిక పరిమాణమునకు ఒకటిన్నర రెట్లు మించిననే కాలుష్యముగా లెక్కించు సూచికను గల్పించెను. ఆ మెలకువ యిచట మిక్కిలి యవసరము.

మొత్తము లోహమెంత యన్నది యొక ప్రశ్న. పైరు గ్రహించున దెంత యన్నది వేరొకటి. నీరు నిలిచిన వరిమడిలో పాషాణము కరగి గింజకెక్కును. కాడ్మియము అందులకు విరుద్ధము: మడి యారినపుడే యెక్కువగ నెక్కును. జపానునందు కమియోక గనినుండి జింజు నది మోసిన కాడ్మియము వరిపొలములబడి, ముఖ్యముగా స్త్రీల యెముకలను పెళుసుచేసెను. ‘నొప్పి, నొప్పి’ యను వారి యాక్రందనమే యా వ్యాధికి పేరయ్యెను. కారణమును ప్రభుత్వము 1968లో నంగీకరించినది. పొలముల మట్టిని మార్చు పని 2012 వరకు సాగినది. కొలత యాలస్యమైన కొలది వెచ్చ మెంత పెరుగునో రైతులే గ్రహింతురుగాక.

2025 జూలైలో కేంద్రము కలుషిత స్థలముల నియమములను ప్రకటించెను. సంతోషింపదగినదే. కాని గనుల వలని కాలుష్యమును వేరు చట్టములకు వదలి యా నియమములు తమ చేతులు కడుగుకొన్నవి. మనకు గావలసిన దదియే కదా!

కుప్పము ప్రాంతమున భారత్ గోల్డ్ మైన్సు వారు నడిపిన చిగురుగుంట, బిసానత్తము గనులు వేలమున ఎన్.ఎం.డి.సి. వారికి దక్కినవి. గని వలన పనులు వచ్చును. మేము వద్దనుట లేదు. మరల ఖనిజము పైకి వచ్చుటకు ముందు చుట్టుపట్ల పొలముల మట్టిని, చెరువుల యొండ్రును, బావుల నీటిని పరీక్షించి ఫలితములను తెలుగున గ్రామపంచాయతీ గోడపై నంటింపవలెను. ప్రతి మట్టినమూనాలో సగమును ముద్రవేసి ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనాలయమున నుంచవలెను. పదియేండ్ల పిదప తగవు పుట్టినచో ముందెట్లుండెనో చెప్పుటకు రైతునొద్ద మరి సాక్ష్య మేమున్నది? ఆ వెచ్చము గని వేలము దక్కించుకొన్నవారిదే, కాపువానిది గాదు.