ధ్వనికి బెదరు బిడ్డలు – శ్రవణ చికిత్స

బిలాసపూరు రైల్వే పట్టణమున తోర్వా ఒక పేట. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూరు రైల్వే కాలమునుండి ఈ పట్టణమునకు ఉద్యోగార్థము వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు కలవు. ఇంజను కూత, గూడ్సు పెట్టెల తాకిడి ఇచ్చటివారికి నిత్యము వినవచ్చునవే. నడిరేయి బండి పోయినను పెద్దల నిద్ర చెడదు. అట్టి ఇంటిలో నాలుగేండ్ల పిల్లవాడొకడు బండి కూయగానే చెవులు మూసికొని మంచము క్రింద దూరుననుకొందము. కుక్కరు ఈల వేసినను, మిక్సీ తిరిగినను అదే ఏడ్పు. వినాయక చవితి పందిరిలో మైకు మ్రోగు దినములలో అన్నము ముట్టడు. మొండివాడని ఒకరు, గారాబమని ఒకరు, దిష్టి తగిలినదని మరియొకరు అందురు. ఈ మూడును పొరపాటే కావచ్చును.

బాధ ఎక్కడ పుట్టుచున్నది?

చెవి ధ్వనిని గ్రహించి మెదడునకు అందించును. దేనిని పట్టించుకొనవలెనో, దేనిని విడువవలెనో నిర్ణయించునది మెదడు. పదిసార్లు వినిన కూతను పదునొకండవసారి అది లెక్కచేయదు. కొందరు పిల్లలలో ఈ వడపోత సరిగా సాగదు. ప్రతి కూతయు మొదటిసారి వినినట్లే, మీద పడినట్లే తోచును. ఇంద్రియములు తెచ్చు సమాచారమును మెదడు సమన్వయించు తీరును అమెరికాకు చెందిన ఆక్యుపేషనల్ థెరపిస్టు జీన్ ఎయిర్స్ 1972లో ఒక గ్రంథమున వివరించిరి. పశుశాస్త్ర ఆచార్యురాలైన టెంపుల్ గ్రాండిన్ ఆటిజము గలవారు. చిన్ననాడు బడిగంట మ్రోగినప్పుడు దంతవైద్యుని బరమా నరమునకు తగిలినట్లు బాధ కలిగెడిదని ఆమె వ్రాసిరి. అయితే ధ్వనికి బెదరు ప్రతి బిడ్డకును ఆటిజము ఉండునని భావింపరాదు.

శ్రవణ చికిత్స యనగా నేమి?

ఈ బాధకు ధ్వనినే మందుగా వాడవచ్చునని ఫ్రాన్సు దేశపు వైద్యులు ఇరువురు తలచిరి. ఆల్ఫ్రెడ్ తొమాతిస్ పద్ధతిలో కొన్ని స్థాయిల ధ్వనులను వడగట్టిన సంగీతమును వినిపింతురు. గీ బెరార్ పద్ధతిలో హెచ్చుతగ్గులు మార్చిన సంగీతమును హెడ్‌ఫోనుద్వారా దినమునకు రెండుసార్లు, ఒక్కొక్కసారి అరగంట చొప్పున, పది దినములు వినిపింతురు. బెరార్ చికిత్సవలన తన కుమార్తె బాగుపడినదని అనబెల్ స్టెలీ అను అమెరికా తల్లి 1991లో గ్రంథము ప్రకటింపగా ఈ పద్ధతికి ప్రచారము పెరిగెను.

అనుభవములను ఎట్లు అర్థము చేసికొనవలెను?

చికిత్స పిమ్మట బిడ్డ శాంతించినాడని, మాటలు పెరిగినవని చెప్పు తల్లిదండ్రులు అబద్ధమాడుట లేదు. వారు చూచినదే చెప్పుచున్నారు. కాని ఆ మార్పునకు కారణమేమో తెలియుట కష్టము. బిడ్డలు దినదినము ఎదుగుదురు. బాధ మిక్కిలి హెచ్చినప్పుడే చికిత్సకు పోవుదురు. హెచ్చినది కొంత దానంతటదియే తగ్గును. అదే కాలమున స్పీచ్ థెరపీయో, క్రొత్త బడియో తోడుపడును. దినమునకొక గంట తల్లి ప్రక్కన కూర్చుండుటయు మేలే చేయును.

ఈ చిక్కు విడదీయుటకు 1996లో ఆస్ట్రేలియాలో 80 మంది బిడ్డలపై ఒక పరిశీలన జరిగెను. కొందరికి మార్చిన సంగీతమును, కొందరికి మార్చని ఆ సంగీతమునే వినిపించిరి. రెండు వర్గములును ఒకే విధముగా మెరుగుపడినవి! 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షకులు 182 మందిపై జరిగిన ఏడు పరీక్షలను పరిశీలించి, ఈ చికిత్స ఆటిజమునకు ఉపకరించునని చెప్పుటకు చాలినంత ఆధారము లేదని తేల్చిరి. కావున సొమ్ములు కుదువబెట్టి ఈ చికిత్సకు పరుగెత్తుట తగదు. దీనికొరకు మాట నేర్పు శిక్షణను మానిపించుట మరింత నష్టము; పసితనమున పోయిన కాలము తిరిగి రాదు.

చేయదగిన పనులు

మొదట బిడ్డ చెవులను వైద్యునికి చూపి వినికిడి పరీక్ష చేయింపవలెను. చెవిలో చీము, గుమిలి ఉండవచ్చును. వినికిడి తగ్గిన బిడ్డలు సయితము పెద్ద ధ్వనులకు బాధపడుట కలదు. రైల్వే ఉద్యోగులు రైల్వే ఆసుపత్రిని, ఇతరులు ప్రభుత్వ ఆసుపత్రిని ఆశ్రయింపవచ్చును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను బిడ్డలను పరీక్షించి, అవసరమైనవారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. ఆటిజమని తేలినచో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము బిడ్డకు వర్తించును.

ఇంటిలో చేయదగినవి సులభములు. మిక్సీ వేయుటకు ముందు బిడ్డకు చెప్పవలెను. మీటను వానిచేతనే వేయింపవచ్చును. ధ్వని తక్కువగా వచ్చు గదిలో ఒక మూలను వానికి విడువవలెను. పందిళ్లకు పోవునప్పుడు చెవులకు రక్షణ పెట్టవచ్చును. దినమంతయు చెవులు మూసి ఉంచినచో బెదరు హెచ్చును. భయపడు ధ్వనిని బలవంతముగా వినిపింపరాదు.

ఎవరైనను శ్రవణ చికిత్స చేయదలచినచో ముందుగా ఒక ప్రశ్న వ్రాసికొనవలెను: ఏ మార్పు, ఎన్ని వారములలో? ఆ గడువువరకు దినచర్యను వ్రాసి, మార్పు కానరానిచో మానవలెను. హెడ్‌ఫోను ధ్వని మితముగా ఉండవలెను. బిడ్డలకు 75 డెసిబెల్ స్థాయిలో వారమునకు 40 గంటలే హద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ధ్వని హెచ్చినకొలది ఆ కాలము తగ్గును.

తోర్వాలో బండ్లు కూయుట ఆగదు. మంచము క్రింద దూరిన బిడ్డను కసరక, వాడు వినుచున్నది మనము వినుచున్న కూత కాదని గ్రహించి ప్రక్కన కూర్చుండుట ఏ ఇంటికైనను సాధ్యమే. చికిత్స అచ్చట మొదలగును.